జాడీలో ఎంత డబ్బు నిలిచిపోతుంది?

ప్రశ్న: మాది తెనాలి. ఆరేళ్ళుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. నలుగురు ఆడవాళ్ళు నా దగ్గర పనిచేస్తున్నారు. ఏడాదికి అయిదు టన్నులు, అంటే పది వేల అరకిలో సీసాలు వెళ్తాయి. అందులో ఆరు వేల సీసాలు హైదరాబాద్, బెంగళూరులలో ఉన్న మనవాళ్ళకు ఫోను మీద ఆర్డర్లు తీసుకుని 200 రూపాయల చొప్పున నేరుగా పంపిస్తాను, మిగిలినవి ఊళ్ళో కొట్లకు 150 చొప్పున ఇస్తాను. మొత్తం ఏడాదికి 18 లక్షలు. ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా శాఖలున్న ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళు నెలకు 1,500 సీసాల ఆవకాయ, మాగాయ కావాలంటున్నారు. సీసాకు 130 ఇస్తారు, డబ్బు 60 రోజులకు వస్తుంది, అమ్ముడుపోని సరుకు వెనక్కి పంపుతారు. నాకు సామానుకు 75, సీసా, లేబులు, అట్టపెట్టెకు 15, కూలికీ గ్యాసుకూ 12, రవాణాకు 5 అవుతుంది. సీసాకు 23 మిగిలినా నెలకు 34,500 కదా. ఇల్లు తాకట్టు పెట్టి 15 లక్షల లోను తీసుకుందామని, నెలకు 12 వేల అద్దెకు ఒక షెడ్డు కూడా చూశానని మా మరిది అంటున్నాడు. మా ఆయన వద్దంటున్నారు. నా దగ్గర నాలుగు లక్షల పొదుపు ఉంది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, తెనాలి

సమాధానం: అమ్మా, ఆర్డరు ఒప్పుకోండి, కానీ 1,500 సీసాలకు కాదు, 500 సీసాలకు ఒప్పుకోండి. ఈ ఏడాది షెడ్డు వద్దు. ఇల్లు తాకట్టు ఈ ఏడాదే కాదు, ఈ పని కోసం ఎప్పుడూ వద్దు. ఇరవై ఏళ్ళకు పైగా బ్యాంకులో చిన్న పరిశ్రమల రుణాల విభాగంలో పనిచేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. నా మాట మీద నమ్మకంతో కాకుండా లెక్క చూసుకుని మీరే నిర్ణయించుకోవాలి గనుక, ఆ లెక్కను మీ అంకెలతోనే చేసి చూపిస్తాను.

మీరు రాసిన అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. చాలామంది వ్యాపారులు కూలిని, రవాణాను మరిచిపోతారు, మీరు వాటిని కూడా కలిపారు. అయితే ఏ డబ్బు ఏ నెలలో పోతుంది, ఏ నెలలో తిరిగి వస్తుంది అన్నది మీ లెక్కలో లేదు. మిగతా వ్యాపారాలలో ఈ తేడా కొంత ఇబ్బంది పెట్టి పోతుంది, మామిడికాయ పచ్చడిలో మాత్రం అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే ఏడాది పొడవునా అమ్మే ఆవకాయను పెట్టగలిగేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా, కాయ పులుపు మీద, టెంక గట్టిపడి ఉన్న ఆ కొద్ది వారాలలోనే. సూపర్‌మార్కెట్ వాళ్ళు అడిగినట్టు నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000 సీసాలు ఇవ్వాలంటే, ఆ తొమ్మిది టన్నులనూ ఈ వేసవిలోనే జాడీలకు ఎత్తాలి. సీసాకు 75 చొప్పున కాయలు, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె, వెల్లుల్లి అన్నీ కలిపి 13 లక్షల 50 వేల రూపాయలు మే నెల ముగిసేలోపు మీ చేతి నుంచి వెళ్ళిపోతాయి.

ఆ తరువాత పచ్చడి ఊరి, జూలైలో మొదటి లోడు వెళ్ళిందనుకుందాం. సీసాలకు, కూలికి, రవాణాకు కలిపి నెలకు 48 వేలు. జూలై సరుకు డబ్బు సెప్టెంబరులో గానీ రాదు, అప్పటికి ఆగస్టు లోడు కూడా వెళ్ళిపోయి ఉంటుంది. ఈ రెండు నెలల ఖర్చు 96 వేలు, మే నుంచి నాలుగు నెలల షెడ్డు అద్దె 48 వేలు. అంటే వాళ్ళ దగ్గర నుంచి మొదటి రూపాయి మీ ఖాతాలో పడేలోపు దాదాపు 15 లక్షలు బయటికి పోయి ఉంటాయి. మీ మరిది 15 లక్షలు అన్నది ఊరికే అన్న మాట కాదు, ఆయన కూడా ఇక్కడిదాకా సరిగానే లెక్క వేసి ఉంటారు.

ఇక లోను సంగతి. 15 లక్షలను 11 శాతం వడ్డీకి అయిదేళ్ళ గడువు రుణంగా తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 32,600 రూపాయలు. ఈ ఆర్డరు మీద మీకు మిగిలేది 34,500, అందులోంచి షెడ్డుకు 12,000. వాయిదాలో అసలు కూడా ఉంటుంది కదా, సామాను కోసం పెట్టిన డబ్బు అమ్మకాలలో తిరిగి వస్తుంది కదా, అక్కడి నుంచి వాయిదా కట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కట్టుకోవచ్చు, అయితే మొదటి ఏడాది మాత్రమే. అలా కట్టేస్తే వచ్చే మే నెలలో కాయలు కొనడానికి మళ్ళీ కావలసిన 13 లక్షల 50 వేలు మీ దగ్గర పూర్తిగా ఉండవు. మిషను కొనడానికి తీసుకోవలసిన రుణాన్ని సరుకు కొనడానికి తీసుకుంటే జరిగేది ఇదే. అమ్మకాలు బ్రహ్మాండంగా ఉన్నప్పుడే నూనె వర్తకుడికి బాకీ పడతారు.

అలా బాకీ పడినవాళ్ళను దగ్గరగా చూశాను. ఉద్యోగంలో ఉండగా విజయవాడ దగ్గర పచ్చళ్ళు, పొడులు చేసే ఒక దంపతులకు సరిగ్గా ఇటువంటి ఆర్డరు చూసే రుణం మంజూరు చేశాను. ఏడాది తిరిగేసరికి వాళ్ళ అమ్మకాలు రెట్టింపు అయ్యాయి, వాయిదాలు ఆగిపోయాయి. ఎందుకో చూద్దామని వెళ్ళినప్పుడు ఆ ఇల్లాలు షెడ్డు మధ్యలో పీట వేసుకుని, దుకాణాల నుంచి తిరిగి వచ్చిన సీసాలను ఒక్కొక్కటిగా అట్టపెట్టెలోంచి తీస్తున్నారు. మూత సందులోంచి నూనె కారి లేబులు మీది అక్షరాలు అలికినట్టు అయిపోయాయి, కొన్నింటి మీద దుకాణం వాళ్ళు తగ్గింపు ధర చీటీ కూడా అంటించారు. ఆమె పాత న్యూస్‌పేపరుతో సీసాను తుడిచి, మూత తీసి, వాసన చూసి, బాగున్నవి ఒక పక్కన, నూనె దిగిపోయి పైన తెల్లగా బూజు పట్టినవి ఇంకో పక్కన పెడుతున్నారు. బాగున్న వాటిని కూడా మళ్ళీ అమ్మడానికి లేదు, సీలు పోయింది కదా. ఆ సీసాల డబ్బు అంతకు ముందు చెక్కులోనే కోసుకున్నారు. రుణం ఇచ్చేటప్పుడు ఒప్పందంలో ఉన్న ‘వెనక్కి పంపే సరుకు’ అన్న వాక్యాన్ని నేను చదివాను, దానికి ఒక అంకె వేసి చూడలేదు. ఆ తప్పు నాది. అందుకే మీ విషయంలో ఆ అంకె వేస్తున్నాను: నూటికి అయిదు సీసాలు తిరిగి వచ్చినా నెలకు 75 సీసాలు, సీసాకు 130 చొప్పున 9,750 రూపాయలు, మొత్తం మీ మిగులులోంచే పోతాయి. 34,500లోంచి అది, షెడ్డు అద్దె తీసేస్తే మిగిలేది 12,750. 15 లక్షలకు మొదటి నెల వడ్డీయే 13,750.

అలాగని ఆర్డరు వదులుకోమని నేను అనను. అంత పెద్ద సంస్థ మీ పచ్చడి రుచి చూసి తానుగా వచ్చి అడిగిందంటే అది ఆరేళ్ళ మీ చేతి కష్టానికి వచ్చిన గుర్తింపు. మీరు మాట్లాడవలసింది పరిమాణం గురించి, సరుకుల రకాల గురించి, షరతుల గురించి.

రకాల సంగతి ముందు చెబుతాను, మీకు అసలైన దారి అక్కడే ఉంది. వాళ్ళు ఆవకాయ, మాగాయ మాత్రమే అడిగారు. మీరు 500 సీసాలలో 200 మాత్రమే మామిడి ఇస్తామని, మిగిలిన 300 కాలాన్ని బట్టి మారే పచ్చళ్ళు ఇస్తామని చెప్పండి. కార్తీకం నుంచి ఉసిరికాయ, ఆ వెనకే చింతకాయ, సంక్రాంతి దాటాక పండుమిరప, ధర దిగినప్పుడల్లా టమాటా, ఆకు బాగున్నప్పుడల్లా గోంగూర. మన పెద్దవాళ్ళు ఏ కాలపు పచ్చడి ఆ కాలంలో పెట్టుకున్నారు, మీకు అది డబ్బు తిరిగే పద్ధతిగా కూడా పనికొస్తుంది. మామిడికి ఏడాదికి 2,400 సీసాలు, 1 లక్షా 80 వేల రూపాయల సామాను చాలు. తక్కిన పచ్చళ్ళకు ఒక పంట డబ్బు తిరిగి వస్తుండగా ఇంకో పంట కొంటారు. నెల ఖర్చులతో, రావలసిన బాకీలతో కలిపి చూసినా ఈ ఆర్డరు మీద నిలిచిపోయే డబ్బు మూడు లక్షలు దాటదు. అది మీ పొదుపులోనే ఉంది, పైగా ఒక లక్ష చేతిలో మిగులుతుంది. మిగులు నెలకు 11,500 మాత్రమే అన్నది నిజం. కానీ అద్దె లేదు, వాయిదా లేదు, అది మీ డబ్బే. ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. 1,500 సీసాలకు ఒప్పుకుంటే మీ 41 లక్షల అమ్మకాలలో 23 లక్షలకు పైగా ఒక్కరి చేతిలో ఉంటాయి. వాళ్ళ కొనుగోళ్ళ అధికారి మారితే మీ వ్యాపారంలో సగానికి పైగా ఒక్క ఫోనుతో ఆగిపోతుంది.

షరతులలో మొదటిది గడువు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు కొనుగోలుదారు 45 రోజులకు మించి డబ్బు ఆపడానికి లేదు. 60 రోజులని రాసుకున్నా ఆ రాత చెల్లదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. దీనికోసం మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఆధార్‌తో ఉచితంగా అయిపోతుంది, డబ్బు అడిగిన ఏజెంటుకు ఇవ్వకండి. చిన్న వర్తకులు పెద్ద సంస్థల మీద ఫిర్యాదుకు వెళ్ళడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకని ఈ చట్టాన్ని తగాదా వచ్చాక కాకుండా సంతకం ముందే వాడుకోండి. 2023లో ఆదాయపు పన్ను చట్టానికి చేసిన సవరణతో, ఈ గడువు దాటిన బాకీని కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలరు. మార్చి నెలాఖరుకు మీ డబ్బు ఆపితే వాళ్ళకే పన్ను భారం పెరుగుతుంది. వాళ్ళ అకౌంట్స్ విభాగానికి ఇది బాగా తెలుసు. మీ ఉద్యమ్ నంబరును ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించి, ‘మాది సూక్ష్మ సంస్థ, 45 రోజులు’ అని మర్యాదగా చెప్పండి.

రెండవది వెనక్కి వచ్చే సరుకు. నూటికి రెండు సీసాలకు మించకూడదనీ, సీలు తీయనివి, సీసా మీది గడువు తేదీకి కనీసం మూడు నెలల ముందు మాత్రమే తిరిగి పంపాలనీ రాయించండి. ఒప్పుకోకపోతే సీసాకు 130 చాలదని, 138 కావాలని అడగండి. ఈ రెండింటిలో ఒకటైనా సాధించండి.

మూడవది పన్ను. ఇది మీరు మరొక కారణంగా కూడా వెంటనే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదన్న ధైర్యంతో మీరు ఇంతకాలం ఉన్నట్టున్నారు. ఆ మినహాయింపు సరుకు రాష్ట్రం దాటనంత వరకే. తెనాలి నుంచి హైదరాబాద్‌కు, బెంగళూరుకు పంపుతున్నారు గనుక అమ్మకాలు ఎంతన్న దానితో నిమిత్తం లేకుండా మీకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒక శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి కూడా రాష్ట్రం దాటి అమ్మేవారికి కుదరదు. ఈ వారంలోనే ఒక మంచి ఆడిటరును కలిసి పాత సంగతి కూడా దాచకుండా చెప్పి సరిచేసుకోండి. తరువాత సూపర్‌మార్కెట్ వాళ్ళను ఒకే ప్రశ్న అడగండి: 130 అన్నది పన్ను కలిపా, పన్ను కాకనా? పన్ను 5 శాతమే అనుకున్నా, కలిపి అయితే సీసాకు ఆరు రూపాయలకు పైగా పోయి మీ 23 కాస్తా 17 దగ్గరకు వస్తుంది.

బ్యాంకు గురించి మీ మరిదికి కొంత సమాచారం ఇవ్వండి. అప్పు చెడ్డదని నేను అనడం లేదు. వచ్చే ఏడాది ఆర్డరు పెంచాలనుకున్నప్పుడు వెళ్ళి గడువు రుణం కాకుండా క్యాష్ క్రెడిట్ పరిమితి అడగండి, వ్యాపారులు సీసీ లిమిట్ అంటారు. అందులో వాడుకున్న డబ్బుకే, వాడుకున్న రోజులకే వడ్డీ. మే నెలలో తీసుకుని, బిల్లులు వచ్చినకొద్దీ కట్టేసి, మళ్ళీ మేలో తీసుకోవచ్చు. పచ్చళ్ళ వ్యాపారానికి కుదిరేది ఇదే. చిన్న సంస్థలకు ఏడాది అమ్మకాల అంచనాలో కనీసం 20 శాతం నిర్వహణ పెట్టుబడిగా, అంటే సరుకుకూ కూలికీ తిప్పుకునే డబ్బుగా ఇవ్వాలన్న, రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ సూత్రాన్ని బ్యాంకులు ఇప్పటికీ పాటిస్తాయి. మీరు 1,500 సీసాలకు ఒప్పుకుని 41 లక్షల అమ్మకాలు చూపించినా ఆ లెక్కన వచ్చేది ఎనిమిది లక్షలకు కొంచెం పైన. అంటే బ్యాంకు లెక్క ప్రకారం కూడా ఆ ఆర్డరు మీ స్తోమతకు మించినది. చిన్న సంస్థలకు ఒక పరిమితి దాకా రుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన, అంతకు మించినవాటికి తాకట్టు బదులు బ్యాంకుకు పూచీ నిలిచే క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు హామీ ఉంది. ఇంటి దస్తావేజులు బీరువాలోనే ఉండనివ్వండి. ఎవరైనా మేనేజరు అవి తెమ్మంటే ఏ నిబంధన కింద అడుగుతున్నారో కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఇంతకంటే ముఖ్యమైన ఒక పోలిక మీ ఉత్తరంలోనే ఉంది, మీరు దాన్ని గమనించలేదు. నేరుగా ఇళ్ళకు పంపే సీసాకు మీకు వచ్చేది 200. సామాను, సీసా, కూలి కలిపి 102, పార్సిలు గట్టిగా కట్టడానికి ఇంకొక ఎనిమిది వేసుకున్నా, కొరియరు ఖర్చు కొనేవాళ్ళదే గనుక 90 రూపాయలు మిగులుతాయి. సూపర్‌మార్కెట్‌కు 1,500 సీసాలు ఇస్తే వచ్చే 34,500 రూపాయలు, ఇళ్ళకు 385 సీసాలు ఎక్కువ పంపితే వస్తాయి. పైగా డబ్బు ముందే ఫోనులో పడుతుంది. ఇప్పుడు నెలకు 500 సీసాలు పంపుతున్నవారికి 385 పెంచడం తేలిక కాదు, రెండేళ్ళు పట్టవచ్చు. అయినా మీ మరిదికి ఉన్న హుషారు, తిరిగే ఓపిక పెట్టవలసిన చోటు అదే. పాత ఖాతాదారుల ఫోను నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాయించండి; ఎవరు ఏ నెలలో ఏ పచ్చడి కొన్నారో చూసి, వాళ్ళ ఇంట్లో సీసా అయిపోయే సమయానికి ఆయనే పలకరించాలి. మీ ఆయన భయాన్ని కూడా చులకన చేయకండి, నెలనెలా బ్యాంకు పుస్తకం చూసే బాధ్యత ఆయనకు అప్పగించండి.

పని పద్ధతిలో ఒక్క మార్పు ఇప్పుడే చేయాలి. మీరు బహుశా మానికతోనో గిన్నెతోనో కొలిచి కలుపుతూ ఉంటారు. మానిక కల్లుప్పుకూ మానిక మెత్తటి ఉప్పుకూ తూకంలో చాలా తేడా ఉంటుంది, అప్పుడే కొట్టిన ఆవపిండికీ అదిమిన పిండికీ కూడా అంతే. అయిదు టన్నుల దాకా మీ నాలుక ఆ తేడాను పట్టుకుని సరిచేసింది. రేపు మీరు హైదరాబాద్‌లో ఉన్న రోజున ఆ నలుగురే కలపాలి. ఈ వేసవి మొదటి జాడీ నుంచి ప్రతి దినుసునూ కాటా మీద తూచి, గ్రాములలో రాసి, ఆ కాగితాన్ని గోడకు అంటించండి. నలుగురిలో బాగా చేయి తిరిగిన ఒకరికి జీతం పెంచి ఆ కాగితం బాధ్యత ఇవ్వండి. ఏ జాడీ ఏ రోజున పెట్టారు, మూడో రోజున ఎవరు తిరగ కలిపారు అన్నది రాసి, ఆ జాడీ నంబరునే సీసా మీద బ్యాచ్ నంబరుగా వేయండి. ఎక్కడైనా ఒక సీసాలో బూజు కనిపిస్తే మొత్తం సరుకు కాకుండా ఆ ఒక్క జాడీ సరుకే వెనక్కి తెప్పించుకోగలుగుతారు. ఆహార భద్రత లైసెన్సు ఇప్పటి అమ్మకాలకు సరిపోతుందో లేదో కూడా ఆడిటరునే అడిగి తెలుసుకోండి.

ఈ మాటలన్నీ సూపర్‌మార్కెట్ వాళ్ళకు ఒక పేజీలో రాసి పంపండి: 500 సీసాలు, 200 మామిడి, 300 కాలపు పచ్చళ్ళు, 45 రోజులు, నూటికి రెండు, పన్ను అదనం, ఆరు నెలల తరువాత మళ్ళీ మాట్లాడుకుందాం. వాళ్ళు కాదంటే మీరు కోల్పోయేది ఏమీ లేదు, మీ పది వేల సీసాలు మీకున్నాయి. వాళ్ళ జవాబు కోసం ఎదురుచూస్తూ మిర్చి కొనడం మాత్రం ఆపకండి. గుంటూరు యార్డు వేసవి సెలవులకు మూతపడేలోపు మీ పాత అమ్మకాలకు సరిపడా కాయ కొని, ఎండబెట్టి, తొడిమలు తీయించి పెట్టుకోండి. ఆర్డరు కుదిరితే అదనంగా కావలసిన కొద్దిపాటి మిర్చి తరువాత కోల్డ్ స్టోరేజీ సరుకులోంచి తెచ్చుకోవచ్చు.